తల్లిపలక చరిత్ర



నేటి ప్రసంగమునకు విషయము మదర్‌బోర్డు. మన యిండ్లలోని కుఱ్ఱవాండ్రు ఆటలాడుటకై కంప్యూటరు కావలెనని యడుగునపుడు, అందు మిక్కిలి జాగ్రత్తగా నెంచుకొనవలసిన వస్తువుగా దీని పేరు చెప్పుదురు. వెల వేల రూపాయలలో నుండును. ఎంచువారు వారు, సొమ్మిచ్చువారము మనము. ఏది నమ్మదగినదో యెఱుగక యిచ్చుటయు, ఎఱుగక లేదనుటయు రెండును పెద్దరికమునకు తగినవి కావు. ఒక వస్తువు యొక్క పూర్వకథ తెలిసినచో దానినిగూర్చి తగిన ప్రశ్న వేయుట తెలియును. కావున నలువది యేండ్లకు మించిన యీ కథను సంగ్రహముగా విన్నవించెదను.

మొదట పదమును విప్పుకొందము. మదర్ అనగా తల్లి, బోర్డు అనగా పలక. నేను తల్లిపలక యనియే యనెదను. కంప్యూటరులో లెక్కలు చేయునది ప్రాసెసరు; జ్ఞప్తియం దుంచుకొనునది మెమరీ; బొమ్మలను గీయునది గ్రాఫిక్స్ కార్డు. వీనినన్నిటిని తన యొడిలో నిలుపుకొని, విద్యుత్తును పంచిపెట్టి, ఒకదాని మాట నింకొకదానికి చేరవేయునది యీ పలక. దానిపై చిన్న స్ఫటికమొకటి యుండి యెడతెగక తాళము వేయుచుండును. నట్టువుని తాళమునకు నర్తకి పాదము కదలినట్లు ఆ తాళమునుబట్టి ప్రాసెసరు నడచును. సెకనునకు పదిలక్షల తాళములైనచో దానిని ఒక మెగాహెర్ట్జు అందురు. చేసినవారు నిర్ణయించిన కాలమును మించి తాళమును త్వరపెట్టుటకే ఓవర్‌క్లాకింగ్ అని పేరు.

1981వ సంవత్సరము ఆగస్టు నెలలో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థవారు తమ పర్సనల్ కంప్యూటరును వెలువరించిరి. దాని తాళము 4.77 మెగాహెర్ట్జులు. 1984లో వారే ఏ.టి. యను యంత్రమును తెచ్చిరి. అందు స్ఫటికము 12 మెగాహెర్ట్జులది. దానిని సగము చేసి 6 మెగాహెర్ట్జులతో ప్రాసెసరును నడిపెడివారు. కొందఱు గడుసువారు ఆ స్ఫటికమును పెరికి, స్వల్పమైన వెలకు 16 మెగాహెర్ట్జుల దానిని తెచ్చి పెట్టిరి. యంత్రము 8 మెగాహెర్ట్జులతో పరుగెత్తెను. వేగము మూడవవంతు పెరిగినది. ఐ.బి.యం. వారు దీనిని సహింపక, తరువాతి పలకలలో యంత్రము మేల్కొనగనే తాళమును పరీక్షించి, హద్దు మీఱినచో నిలిపివేయు నేర్పాటు చేసిరి. అమ్మినవానికిని కొన్నవానికిని నడుమ నీ వివాద మానాడు మొదలై నేటికిని తెగలేదు.

ఈ విద్యకు మిక్కిలి ఖ్యాతి వచ్చినది 1998లో. ఇంటెల్ సంస్థ ఆ యేడు ఆగస్టులో సెలెరాన్ 300ఏ యను చౌక ప్రాసెసరును సుమారు 150 డాలర్లకు అమ్మెను. దాని వేగము 300 మెగాహెర్ట్జులు. అది పలక తాళము 66ను నాలుగున్నర రెట్లు చేసికొని నడచును. పలక తాళమును 100కు పెంచినచో అదియే 450 అగును. అప్పుడు 450 మెగాహెర్ట్జుల పెంటియం 2 వెల 650 డాలర్లకు పైమాట! అయితే తాళమును 100 వద్ద చెదరక నిలుపుటకును, విద్యుత్తును రవంత హెచ్చించుటకును గట్టి పలక కావలెను. తైవాను దేశపు అబిట్ సంస్థ చేసిన బి.హెచ్.6 అను పలక యట్టిది. పూర్వము పలకపై చిన్న చిన్న మూతలను చేతితో మార్చి యీ పని చేసెడివారు. ఇందు మీటల పలక ముందు కూర్చుండియే చేయవచ్చును. విద్యార్థులును, కొలది జీతగాండ్రును దీనిని ప్రీతితో కొనిరి. ఓవర్‌క్లాకింగ్ ఆనాడు పేదవాని యుపాయము. ఈ మాటను మఱువకుడు. దీనితో ముందు పని యున్నది.

ఇంతలో నొక యుపద్రవము వచ్చినది. మన ఫ్యానులలోను, నీటి మోటార్ల డబ్బాలలోను కండెన్సరు ఉండుట మీరెఱుగుదురు. దానినే కెపాసిటరు అనియు నందురు. తల్లిపలకపై నట్టివి, చిన్న డోళ్ల వలె, అనేకము లుండును. విద్యుత్తులోని యెగుడుదిగుడులను మాన్పి, ప్రాసెసరునకు సమముగా నందించుట వాని పని. 1999 మొదలు కొన్ని యేండ్లపాటు తైవానులో తయారైన పెక్కు కండెన్సర్లలో లోపలి ద్రవము చెడ్డది. అందలి నీరు అల్యూమినియముతో కలియగా హైడ్రోజను వాయువు పుట్టి, అవి పూరీల వలె నుబ్బి, పగిలి కాఱినవి. ఎవరో ద్రవము యొక్క యోగమును అసంపూర్ణముగా దొంగిలించి వాడిరని నాటి పత్రికలు వ్రాసినవి. ఔషధయోగములో నొక్క మూలిక తప్పినను మందు విషమగునట్లు, ఒక్క పాలు తప్పినందున లక్షల పలకలు రెండు మూడేండ్లకే మూలబడినవి. డెల్ సంస్థ 2005లో చెడిన యంత్రముల మరమ్మతులకు సుమారు 30 కోట్ల డాలర్లు కేటాయింపవలసి వచ్చెను. అంత పేరుగొన్న అబిట్ పలకలకును ఈ తెగులు తగిలినది. ఆ సంస్థ 2008తో పలకల వ్యాపారమును విరమించెను. వేగములో మేటియైన పలక, కొనువాని కంటికి కనబడని చిల్లర వస్తువు చేత చెడినది. అటుపిమ్మట ద్రవము లేని గట్టి కండెన్సర్లు వాడుకలోనికి వచ్చినవి.

2011లో మఱియొక పాఠము. జనవరి మొదట ఇంటెల్ వారి క్రొత్త పలకలు అంగళ్లకు వచ్చినవి. ఆ నెల 31వ తేదీననే, పలకపై నుండు తమ సహాయక చిప్పులో దోషము కలదనియు, భాండాగారపు డిస్కులను తగిలించు కొన్ని ద్వారములు కాలక్రమమున క్షీణించుననియు సంస్థయే ప్రకటించెను. మార్పిడికి 70 కోట్ల డాలర్లగునని యంచనా వేసిరి. తొందరపడి మొదటి వారములోనే కొన్నవారు మరల నంగడికి నడువవలసి వచ్చెను.

ఇటీవలి మాట చెప్పెదను. 2023లో ఎ.యం.డి. సంస్థ ప్రాసెసర్లు కొన్ని, పలకతో సహా మాడిపోయినవి. మెమరీని త్వరపెట్టు నమరికలో పలక యిచ్చిన వోల్టేజి మితిమీఱుట కారణము. దానిని 1.3 వోల్టులు దాటనీయక సంస్థవారు కట్టుబాటు చేసిరి. 2024లో ఇంటెల్ వారి 13, 14 తరముల ప్రాసెసర్లు కొన్ని నిలకడ తప్పి, శాశ్వతముగా చెడినవి. ముఖ్యదోషము ప్రాసెసరుదే యైనను, పలకల అమరికలు తాము చెప్పిన హద్దును మించుటయు నొక కారణమని సంస్థ చెప్పినది. ఇక్కడ కొనినవాడు తాళమును త్వరపెట్టలేదు. పోటీలో ముందుండవలెనని పలక చేసినవాడే హద్దు దాటించెను.

ఇది యిట్లేల జరుగుననగా, 125 వాట్లు త్రాగు ప్రాసెసరునకు 1.25 వోల్టుల చొప్పున నూరు ఆంపియర్లు కావలెను. మన పొలములోని అయిదు హార్సుపవరు మోటారు లాగునది పది ఆంపియర్లకు లోపే. వోల్టులు తక్కువ గనుక మొత్తము శక్తి తక్కువయే గాని, ప్రవాహము మాత్రము గొప్పది. 12 వోల్టుల విద్యుత్తును దించి యీ ప్రవాహమును తూకము తప్పక యిచ్చు భాగము పలకలో ప్రాసెసరు ప్రక్కనే యుండును. ఏతమును నలుగురు వంతులవారిగా త్రొక్కినట్లు, అందలి శాఖలు వంతులవారిగా పనిచేయును. వీనిని ఫేజులందురు, మన త్రీఫేజు కరెంటు వేఱు, ఇది వేఱు. తాళమును నూటికి పదిపాళ్లును, వోల్టేజిని నూటికి పదిపాళ్లును పెంచినచో శక్తి నూటికి 33 పాళ్లు హెచ్చును. ఆ హెచ్చంతయు వేడియే. రోహిణీకార్తెలో మన గదుల వేడి దానికి తోడు.

ఇప్పుడు ముందు మఱువవలదన్న మాటకు వచ్చెదను. 1998లో చౌక ప్రాసెసరు వేగమును సగము పెంచుకొని కొనినవాడు సొమ్ము మిగుల్చుకొనెను. నేటి ప్రాసెసర్లు తమ వేడిని తామే చూచుకొనుచు, తమ శక్తికి చివరి యంచువఱకు తామే పరుగెత్తుచున్నవి. మనము లాగుటకు మిగిలినది కొలదియే. పైగా ఇంటెల్ వారి యేర్పాటు ప్రకారము ప్రాసెసరును త్వరపెట్టుటకు జెడ్ వర్గపు ఖరీదైన పలకయు, కె గుర్తుగల ప్రాసెసరును ఉండవలెను. ఎ.యం.డి.లో బి, ఎక్స్ వర్గములు చాలును. నాటి పేదవాని యుపాయము నేడు కలవాని వేడుకయైనది. మిగులు బలమును వాడివేయుట ఓవర్‌క్లాకింగ్. మిగులు బలమును నిలిపియుంచుట నమ్మకము. ఒకే సొమ్ము రెంటికిని చాలదు.

కావున మనుమడు పలక పేరు చెప్పినపుడు కోపింపక యీ ప్రశ్నలు వేయుడు. ‘నీ ప్రాసెసరు త్రాగు శక్తికి మించి యిచ్చు బలము దీనికి కలదా? ఎండకాలములో గంటలకొలది నడిపి చూచినవారు దాని వేడిని గూర్చి యేమి వ్రాసిరి? విపణికి వచ్చి కొన్ని నెలలైనదా? చేసినవారు పాత పలకలకు సైతము దోషములను దిద్దు బయాసును పంపుచున్నారా? హామీ యెన్నేండ్లు, చెడినచో ఏ యూరికి పంపవలెను?’ డబ్బాపై ముద్రించిన ఫేజుల సంఖ్యను మాత్రము నమ్మవలదు. జంటలను విడివిడిగా లెక్కించి పెద్ద సంఖ్య వేయువారు కలరు. రంగురంగుల దీపములు బలమునకు గుర్తు కావు. ఎద్దును కొనునపుడు కొమ్ముల రంగు చూడక, గిట్టలును మూపును చూచువారము మనము. ఈ బేరములోను ఆ చూపే పనికివచ్చును.

ఈ ప్రశ్నలకు కుఱ్ఱవాడు తెలిసి సమాధానము చెప్పినచో సంశయింపక సొమ్మిండు. చెప్పలేనిచో తెలిసికొని రమ్మనుడు. అతడు తెలిసికొనుటకు పట్టు పదిదినములు వృథా కావు. కొన్న పలక పదియేండ్లు నిలుచుటకు అవియే పునాది. సెలవు.