ఒకే చిట్టా, పెక్కు చేతులు

బిలాస్‌పూరు పట్టణమునకు రైలుమార్గమే జీవనాడి. 19వ శతాబ్దాంతమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమున పట్టాలు పరచిన పిమ్మట, ఉద్యోగార్థులై వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఇచట స్థిరపడినవి. పెండ్లికి గాని, సంక్రాంతికి గాని స్వస్థలమునకు పోవలెనన్న బెర్తు దొరకుటయే వారికి ప్రథమ సమస్యగా నుండెను.

ఆ కాలమున రిజర్వేషను లెక్క యంతయు చేతివ్రాత పుస్తకములలో నుండెను. ఆ రైలు పుస్తకమున్న కిటికీ యొద్దనే వరుసలో నిలువవలెను. తిరుగు ప్రయాణమునకు బెర్తు కావలసినచో ఆ స్టేషనుకు తంతి పంపి, జవాబునకై వేచియుండవలెను. పుస్తకమునకు రెండు ప్రతులుంచినచో ఒకే బెర్తు ఇద్దరికి పోవు ప్రమాదము. ఒక్కటే యుంచినచో వరుస తరుగదు. చిక్కంతయు ఇందే కలదు.

1985 నవంబరులో కొత్త ఢిల్లీయందు కంప్యూటరు రిజర్వేషను ప్రయోగాత్మకముగా ఆరంభమయ్యెను. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్, ఏర్పడెను. అది రూపొందించిన ‘కాన్సర్ట్’ 1994లో మొట్టమొదట సికింద్రాబాదున అమలునకు వచ్చుట తెలుగువారు స్మరింపదగిన విషయము.

దీనికి ఆధారము వి.ఎం.ఎస్. వ్యవస్థ. ఆ వ్యవస్థపై నడచు వాక్స్ క్లస్టరు విధానమును అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1983లో ప్రకటించెను. అందు పెక్కు కంప్యూటర్లు ఒకే డిస్కులను పంచుకొనును. ప్రతి యంత్రమునకును అదే ఫైలు కనబడును. కాని ఒకటి ఒక పద్దును దిద్దుచుండగా వేరొకటి దానిని ముట్టకుండ ‘తాళము’ పడును. తాళము ఫైలున కంతటికి గాక ఒక్క పద్దునకే వేయవచ్చును గనుక మిగిలిన కిటికీల పని నిలువదు. ఒక యంత్రము చెడినను తక్కినవి పని సాగించును. యంత్రముల నడుమ సంబంధమే తెగినచో, వోట్ల లెక్కలో బలము చాలని పక్షము తనంతట తానే ఆగిపోవును. లెక్క రెండుగా చీలుటకంటె కొంత పని ఆగుటయే మేలని ఇందలి నీతి.

1999 ఏప్రిలులో ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములు ఐదును అనుసంధింపబడినవి. ఏ కేంద్రపు రైళ్ళ లెక్క ఆ కేంద్రముననే నిలిచెను. ప్రయాణికుని కోరిక మాత్రము అచటికి పోయి, క్షణములలో బదులు తెచ్చెను. నాడు తంతికి దినములు పట్టిన పని నేడు ఏ కిటికీ యొద్దనైనను నిమిషములలో ముగియుచున్నది.

2003లో బిలాస్‌పూరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ముఖ్యస్థానమయ్యెను. యంత్రములు మారినను సూత్రము మారలేదు: చిట్టా ఒక్కటి, చేతులు పెక్కు, ఒకరి పద్దును మరొకరు చెరుపరాదు. చేతివ్రాత పుస్తకముల నాటి రిజర్వేషను గుమాస్తా పాటించిన ధర్మమును ఇదియే.