మద్యవ్యసనము: వంశబీజము, తొలిపానము

బెంగాలులోని ఖరగ్‌పూరు పూరీ గేటు పరిసరములలో, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళ, విశాఖ ప్రాంతముల నుండి వలసవచ్చిన తెలుగువారి సంతతి నేటికిని కాపురమున్నది. తండ్రి త్రాగుబోతైన యింట కొడుకును జూచి తల్లి పడు భయము అచటనైనను, ఆంధ్రదేశముననైనను ఒక్కటియే. ఆ భయమునకు శాస్త్రము చెప్పిన సమాధానము ఒక్కనాట రూపొందినది కాదు.

చరకసంహిత మదాత్యయచికిత్సకు ఒక అధ్యాయమునే కేటాయించినది. 1849లో స్వీడను వైద్యుడు మాగ్నస్ హుస్ దీర్ఘపానజన్య వికారములకు ‘ఆల్కహాలిజం’ అని నామకరణము చేసెను. కాని వ్యసనము రక్తమున వచ్చునా, పెంపకమున వచ్చునా యను ప్రశ్న మిగిలెను. త్రాగు తండ్రియొద్దనే పెరిగిన కుమారునియందు ఆ రెంటిని వేరుచేయుట యెట్లు?

దీనికి డెన్మార్కు దత్తతపత్రములు దారిచూపినవి. పుట్టిన ఆరు వారములలోపే కన్నవారికి దూరమై, బంధువులు కానివారి యింట పెరిగిన పురుషులను పరిశోధకుడు డొనాల్డ్ గుడ్విన్ బృందము పరిశీలించి, 1973లో ఫలితములు ప్రకటించెను. కన్నవారిలో ఒకరు మద్యవ్యసనులైన దత్తపుత్రులలో నూటికి 18 మంది వ్యసనులు కాగా, తక్కినవారిలో 5గురే అట్లైరి. కన్నవారి ముఖమైన నెరుగని బిడ్డలయందు ఈ భేదము కనబడుట నన్ను మిక్కిలి కలచివేయును; అయినను ఆ 18 మందిని తలచువారు, వ్యసనమున బడని తక్కిన 82 మందిని మరువరాదు. పిమ్మట కవలలపై జరిగిన పరిశోధనలు, వ్యసనమునకు లోనగుటయందు జనులమధ్యగల తారతమ్యమున సుమారు సగము జన్యువులవలన నని తేల్చినవి. అదియు ఏ యొక్క జన్యువో కాక, స్వల్పప్రభావముగల యనేక జన్యువుల సమష్టిఫలము.

1997లో గ్రాంట్, డాసన్ అను పరిశోధకులు అమెరికాలో సుమారు 43,000 మంది వివరములను పరిశీలించి, 15 ఏండ్లలోపు త్రాగ మొదలిడినవారిలో నూటికి 40 మంది ఎప్పుడో యొకప్పుడు మద్యాధీనులగుదురనియు, 20 దాటిన పిదప మొదలిడినవారిలో పదిమందియే యగుదురనియు తెలిపిరి. చిన్నవయసున తొలిపానమే కారణమని లోకము తొందరపడెను; కాని 1999లో ప్రెస్కాట్, కెండ్లర్ అను పరిశోధకులు కవలలను పరిశీలించి, తొలిపానమును వ్యసనమును చాలవరకు ఒకే బలహీనతనుండి పుట్టునని వాదించిరి. ఆ వాదము బలమైనదే. అయితే 2009లో ఆస్ట్రేలియా కవలలపై అర్పణా అగ్రవాల్ బృందము చేసిన పరిశోధనలో, తొందరగా మొదలిడినవారియందే జన్యుప్రభావము అధికమని తేలినది. కావున వంశబీజమున్న బిడ్డకు తొలిగుక్క ఆలస్యమగుట రక్షయే కావచ్చునని నా నమ్మకము.

మద్యమును అందకుండ జేయు యత్నములును సాగినవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణములను మూయించిరి. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశమంతట సారా నిషిద్ధమయ్యెను. నేడు ఆంధ్రమునను బెంగాలునను 21 ఏండ్లు నిండనివానికి మద్యమమ్మరాదని చట్టము. అయినను పెండ్లివిడిదిలో మేనమామయే అందించు గ్లాసును ఆ చట్టము ఆపజాలదు.