ఇష్టాగోష్ఠియు కలమల్ల శాసనమును

మంత్రులు విలేకరులతో ముందు సిద్ధపడక మాటలాడినచో, మఱునాడు పత్రికలు ‘ఇష్టాగోష్ఠిగా చెప్పిరి’ అని వ్రాయుచున్నవి. ఆ మాటకు పూచీ ఎవరిదియు కాదను ధ్వనియు అందు కొంత కలదు! కవిగోష్ఠి యన్నచో నట్లు కాదు; ఆహ్వానపత్రిక, అధ్యక్షుడు, వేదిక యుండవలెను.

సంస్కృతమున గోష్ఠ మనగా పసులదొడ్డి. ఆ మాటనుండియే గోష్ఠి పుట్టినది. పసులు కూడు చోటి పేరు మనుష్యులు కూడిన సభకును, పిమ్మట అందలి సంభాషణకును చెల్లినది. ‘ఇష్టగోష్ఠి’ యే సాధువు, నడుమ దీర్ఘ మెక్కడిదని పండితులు కొందఱు తప్పుపట్టుదురు. అది తెలుగునాలుక యిచ్చిన దీర్ఘము, ఉండనిత్తుము. వారు వాత్స్యాయనుని చూడవలదా? సమానమైన విద్యయు, వయస్సును, సంపదయు గలవారి గోష్ఠిని కామసూత్రములలో వర్ణించి, అచట కేవలము సంస్కృతమునను గాక, కేవలము దేశభాషనుగాక కథలు చెప్పువాడే లోకమున మన్నన పొందునని యాతడు విధించెను.

అట్టి గోష్ఠులలోని మాటలు గాలిలో కలిసిపోయినవి. నాటి దేశభాష యెట్టిదో ఱాతినే యడుగవలెను. కడప జిల్లాలో ఎఱ్ఱగుంట్లకు సమీపమున కలమల్ల కలదు. అచటి చెన్నకేశవాలయ ప్రాంగణమున లభించిన శిలపై, క్రీ.శ. 575 ప్రాంతమున, రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము చెక్కబడినది. తెలిసినంతలో తెలుగున వ్రాయబడిన మొదటి శాసన మదియే. శాతవాహనుల శాసనములు ప్రాకృతములు. విష్ణుకుండినులవి ప్రధానముగ సంస్కృతములు. రేనాటివారు మాత్రము ప్రజల భాషనే ఱాతి కెక్కించిరి.

శాసనము రాజకార్యమే గాని ఇష్టాగోష్ఠి కాదు. అయినను అందలి కలయికను చూడుడు. ధనంజయుడను పేరు సంస్కృతము; తుదనున్న ‘పంచమహాపాతక’ శబ్దమును సంస్కృతమే. నడుమ ‘రేనాణ్డు’ అను దేశనామము, ‘ఏళన్’ అను క్రియ, ఊళ్ల పేర్లు దేశ్యములు. లేఖకుడు వాత్స్యాయనుని చదివి యిట్లు వ్రాసెనని మే మనము. ఆ సీమ రచ్చకట్టలపై జను లట్లే మాటలాడుకొనుచుండిరి కాబోలు.

నేడును ఆ సీమ బాలుడు తరగతిలో ఇంటిమాటతో జవాబు చెప్పినచో ‘మోటు’ అని గద్దించు నుపాధ్యాయులు కలరు. రేనాణ్డు రేనాడైనది. ‘ఏళన్’ అనగా ఏలుచుండగా నని యర్థము. అందలి ధాతువు మన ‘ఏలు’ ధాతువే. ఆ బాలునికి దాని నెవరును విప్పి చెప్పనక్కఱలేదు.