దోమలన్నియు నొక్కటి కావు

మనభాషలో దోమ యను మాట యొక్కటియే. సాయంకాలము చెవియొద్ద గుయ్యిమని తిరుగు ప్రతి చిన్న పురుగును మన మాపేరుతోనే పిలిచి, చేతితో చఱచి, మఱచిపోవుచున్నాము. వాడుకకు ఈ మాట చాలును గాని విచారణకు చాలదు. పేరొక్కటి యైనచో వస్తువును నొక్కటియే యని నమ్ముట మనుష్యబుద్ధికి సహజమైన దోషము. ఈ దోషము తొలగిన పిమ్మట కొలదిదినములలోనే యొక గొప్ప సత్యము మన తెలుగునాట, సికిందరాబాదునందు, బయలుపడెను. ఆ చరిత్రను జెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

చలిజ్వరము మిక్కిలి పురాతనమైన వ్యాధి. దినము విడిచి దినము చలితోను వణకుతోను వచ్చి చెమటతో దిగిపోవు నీ జ్వరమును మన పూర్వవైద్యులును గ్రీకు వైద్యులును గుర్తించిరి. కారణమును మాత్రము తలకొక రీతిగా జెప్పిరి. మనవారిలో కొందఱు గ్రామదేవత కోపమనిరి. కొందఱు మన్నెపునీటి దోషమనిరి. ఐరోపావారు బురదనేలలనుండి వెడలు చెడుగాలి యనిరి. మలేరియా యను ఇటలీమాటకు చెడుగాలి యనియే యర్థము. ఈ యూహలలో అనుభవము బొత్తిగా లేకపోలేదు. తడినేలకును జ్వరమునకును సంబంధము కలదని వారెఱిగిరి. కాని యా సంబంధమెట్టిదో వెదకక, దానికొక పేరు పెట్టి యూరకుండిరి. కారణమునకు పేరు పెట్టుట కారణమును కనుగొనుట కాదు.

1880వ సంవత్సరమున అల్జీరియాదేశములోని కాన్‌స్టాంటిన్ పట్టణమున లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు రోగి రక్తమును సూక్ష్మదర్శినితో పరీక్షించుచు, ఎఱ్ఱకణములయందు కదలాడు నొక సూక్ష్మప్రాణిని చూచెను. అది యెఱ్ఱకణమును తినుచు, తిన్నదాని శేషముగా నల్లని రేణువులను నిలుపుకొనును. జ్వరమునకు కారణము గాలికాదు, ప్రాణియే యని యిట్లు తేలెను. కాని యొకని రక్తమందలి ప్రాణి మఱియొకని రక్తములోనికి ఎట్లు పోవును? ఈ ప్రశ్న మిగిలియుండెను. అంతకుమునుపే 1877లో, చీనాదేశపు అమోయ్ రేవునందు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు, బోదకాలు వ్యాధిని కలిగించు పురుగు దోమ శరీరమునందు పెరుగుచున్నదని కనుగొనియుండెను. చలిజ్వరమునకును దోమయే వాహనమై యుండవచ్చునని ఆయన 1894లో లండనునందు తన్ను చూడవచ్చిన యొక యువవైద్యునితో చెప్పెను. ఆ వైద్యుడే రొనాల్డ్ రాస్. ఆయన 1857లో మనదేశమునందలి అల్మోరాలో పుట్టి, 1881లో భారతవైద్యశాఖలో చేరినవాడు.

మాన్సన్ ఊహలో సగము నిజము, సగము పొరపాటు. రక్తము త్రాగిన దోమ కొలదిదినములలో నీటిపై పడి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవానికి జ్వరము వచ్చుననియు ఆయన తలచెను. 1895లో సికిందరాబాదు చేరిన రాస్ ఈ మాటను గురువాక్యమని నమ్మి యూరకుండలేదు. దోమలు చచ్చిన నీటిని, కూలికి ఒప్పుకొన్న కొందఱిచేత త్రాగించి చూచెను. మొదట నొకనికి కొంచెము జ్వరము తగిలినట్లు తోచెను. పిమ్మట త్రాగినవారిలో పెక్కుమందికి ఏమియు రాలేదు. ఇట్లు పేదల దేహములపై ప్రయోగములు చేయుటను నేటి వైద్యనీతి యొప్పుకొనదు. దానిని దాచవలసిన పనియును లేదు. గురువు చెప్పినదైనను పరీక్షకు నిలువనిదానిని విడువవలెనను నియమమును మాత్రము రాస్ పాటించెను.

దోమలలో జ్వరప్రాణిని వెదకుట మఱియొక కష్టము. రోగులను దోమలచేత కఱపించి, పిదప ఆ దోమలను ఒక్కొక్కటిగా కోసి, ఉదరమును సూక్ష్మదర్శిని క్రింద పరీక్షింపవలెను. రాస్ నడుమ బెంగుళూరునకు బదిలీయై, 1897లో మరల సికిందరాబాదు వచ్చి ఈ పనిని సాగించెను. వేసవి యెండ, దోమలు ఎగిరిపోవునని పంకా వేయించుకొనుటకు వీలులేదు. చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటికద్దము పగిలెను. ఇంత శ్రమపడినను ఫలము శూన్యము. ఏల? ఆయన పరీక్షించిన దోమలు బూడిదరంగువియు, చారలు గలవియు. దోమలనుగూర్చిన గ్రంథమేదియు ఆయనయొద్ద లేదు. శాస్త్రజ్ఞులు దోమలను వేఱువేఱు జాతులుగా అదివఱకే విభజించియుండిరి. లిన్నేయసు 1758లోనే యొక దోమజాతికి పేరు పెట్టెను. 1818లో మైగన్ అనాఫిలిస్ అను ప్రజాతిని నిర్ణయించెను. ఈ జ్ఞానము గ్రంథాలయములందుండెను. అవసరమైనవాని చేతికి అందలేదు.

దోమ కారణము కాదని విడిచిపెట్టుట సులభము. రాస్ అట్లు చేయక, ప్రశ్ననే మార్చెను. దోమలు జ్వరమును మోయునా యని కాక, ఏ దోమ మోయుననియే యడుగవలెనని తలచెను. ఆగస్టు నడుమ ఆయన పరిచారకు డొకడు తెచ్చిన సీసాలోని పిల్లపురుగులనుండి, రెక్కలపై మచ్చలుగల దోమలు వెలువడెను. ఇవి యింతకుమున్ను పరీక్షించినవి కావు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అను రోగి, కఱచిన దోమ యొక్కింటికి ఒక యణా చొప్పున పుచ్చుకొని, వీనిచేత కఱపించుకొనెను. 20వ తేదీన, మిగిలిన కొలది దోమలలో నొకదాని యుదరపు గోడలో, రాస్ అంతవఱకు ఏ దోమయందును చూడని గుండ్రని కణములు కనబడెను. వానిలో లావెరాన్ చూచినట్టి నల్లని రేణువులే యుండెను. మఱునాడు చివరిదోమను కోయగా, అట్టి కణములే మఱింత పెద్దవిగా కనబడెను.

ఇచట ఆయన చేసిన తర్కమును గమనింపవలెను. నల్లని రేణువు జ్వరప్రాణికి గుర్తు. నిన్నటికంటె నేడు కణము పెద్దదైనది, పెరుగునది ప్రాణముగలది. కాబట్టి దోమ త్రాగిన రక్తముతో పోయిన ప్రాణి జీర్ణము కాక, దోమయందు జీవించి పెరుగుచున్నది. రెండు దోమలు, రెండు దినములు, ఒక పోలిక: ఇంతమాత్రమే ఆధారము. అందుచేతనే ఆ యేటి డిసెంబరులో వెలువడిన వ్యాసమునందు, రెండు దోమలలో వింతకణములు కనబడెనని మాత్రమే శీర్షిక నుంచెను. చూచినదానికి మించి చెప్పకుండుట విచారణకు ప్రథమధర్మము.

పని ముగియకముందే ప్రభుత్వమువారు ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు పంపిరి. 1898లో కలకత్తా చేరినపిమ్మట, మనుష్యులకు బదులు పక్షులలో వచ్చు చలిజ్వరమును పరిశీలించెను. ఇచట నొక విచిత్రము కలదు. మనుష్యజ్వర విషయమున నిష్ఫలమైన బూడిదరంగు దోమయే పక్షిజ్వరమును మోయుచుండెను! ఆ దోమలో ప్రాణి యుదరమునుండి లాలాజలగ్రంథులకు చేరుననియు, కాటుతో ఆరోగ్యముగల పిచ్చుకకు సోకుననియు జూలై మాసమున తేలెను. అనగా జ్వరప్రాణులును ఒక్కటి కావు, దోమలును ఒక్కటి కావు. ఏ ప్రాణికి ఏ దోమయో ఆ జత కుదిరిననే వ్యాధి వ్యాపించును. ఆ సంవత్సరాంతమున ఇటలీలో గ్రాసీయు నాతని సహచరులును మనుష్యజ్వరమును మోయునది అనాఫిలిస్ దోమయే యని స్థాపించిరి. కీర్తికొఱకు రాస్‌కును గ్రాసీకిని తీవ్రమైన కలహము జరిగెను. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు వచ్చెను. సీసాతో పిల్లపురుగులను తెచ్చిన పరిచారకునికి మాత్రము ఏ బహుమానపట్టికయందును చోటు లేదు. వాని చేతిసీసా లేనిదే ఆగస్టు 20వ తేదీయును లేదు.

ఈ భేదములను కనుగొనుటకు గొప్ప యంత్రములు కావలెనా? దొడ్డిలోని తొట్టి చాలును. అనాఫిలిస్ దోమ గ్రుడ్లను విడివిడిగా పెట్టును. ఒక్కొక్కటి చిన్న పడవవలె తేలును. బూడిదరంగు క్యూలెక్స్ దోమ గ్రుడ్లన్నిటిని తెప్పవలె కూర్చిపెట్టును. మొదటిదాని పిల్లపురుగు నీటిపొరకు సమముగా పరుండును. రెండవదానిది శ్వాసనాళమును పైకెత్తి తలక్రిందుగా వ్రేలాడును. గోడపై వ్రాలినప్పుడు అనాఫిలిస్ తన తోకభాగమును ఎత్తి ఏటవాలుగా నిలుచును. క్యూలెక్స్ గోడకు సమముగా నుండును. రక్తము త్రాగునవి ఆడుదోమలే. తెల్లచారల ఈడిస్ దోమ పగటివేళ కఱచి డెంగీజ్వరమును మోయును.

ఇది కేవలము వినోదముకొఱకైన జ్ఞానము కాదు. క్యూలెక్స్ మురుగునీటిలో పెరుగును. పట్టణములలో చలిజ్వరమును మోయు స్టీఫెన్సై యను అనాఫిలిస్ బావులలోను, మేడలమీది తొట్లలోను నున్న మంచినీటిలో పెరుగును. మురుగుకాలువలను మాత్రమే శుభ్రపఱచి, తొట్టిమూతను తెఱచియుంచిన గృహస్థు శ్రమపడియు వ్యాధిని నిలుపుకొన్నవాడగును. ఈ విభాగము నేటికిని ముగియలేదు. మన పల్లెలలో చలిజ్వరమును ముఖ్యముగా మోయు క్యూలిసిఫేసీస్ దోమను చిరకాలము ఒకే జాతియని తలచిరి. 1980 మొదలుకొని దాని క్రోమోజోములను పరిశీలింపగా, కంటికి ఒక్కటిగా కనబడు అయిదు జాతులు బయలుపడెను. వానిలో ఒకటి జ్వరమును మోయుటలో మిక్కిలి దుర్బలమైనది. 2023లో సైతము ప్రపంచమున సుమారు 6 లక్షలమంది ఈ వ్యాధిచే మరణించిరి. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాఖండమందలి పసిబిడ్డలు.

మన పాఠశాలలలో జాతి, ప్రజాతి, కుటుంబము అని బాలురును బాలికలును వల్లించుచున్నారు. పరీక్ష కాగానే మఱచుచున్నారు. జీవవైవిధ్యమనునది పేర్ల పట్టిక కాదని, ఒక జాతిని మఱియొక జాతిగా పొరబడినచో మనుష్యుల ప్రాణములే పోవునని వారికెవరు చెప్పవలెను? రాస్ పనిచేసిన బేగంపేటలోని భవనము నేటికిని నిలిచియున్నది. దానిని చూడబోవుట మంచిదే. అంతకంటె మంచిది, రేపు ఉదయము ఇంటి తొట్టిలోనికి పిల్లలతోకూడ తొంగిచూచి, అందులో కదలునది ఏ జాతిదో వారినే యడుగుట. ఆపైని తొట్టికి మూత వేయుట మఱవరాదు.