జీను నుంచి సైకిల్ సీటు దాకా

1529లో విశ్వనాథ నాయకుడు విజయనగరం తరఫున మధుర పాలన చేపట్టాడు. ఆయన కాలంలోనూ, ఆ తర్వాతి తరాల్లోనూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలివచ్చి పాళెగాళ్లుగా, సైనికులుగా, రైతులుగా, నేతగాళ్లుగా స్థిరపడ్డాయి. ఆ రాజ్యానికి గుర్రమే బలం. తిరుమల నాయకుడు (1623–1659) మీనాక్షి గుడి ఎదుట కట్టించిన పుదుమండపం ముంగిట్లో ముందుకాళ్లు లేపిన గుర్రాలూ వాటి మీద రౌతులూ ఇప్పటికీ కనిపిస్తారు. జీను మీద గంటల తరబడి కూర్చున్న మనిషికి నడుము కింద ఏమవుతుందో శిల్పి చెప్పలేదు. దాన్ని పట్టించుకున్నవాళ్లు వైద్యులు.

స్వారీ మగతనానికి చేటన్న అనుమానం చాలా పాతది. హిప్పోక్రాటీస్ పేరిట నిలిచిన గ్రీకు వైద్య గ్రంథాల్లో ఒకటి సిథియన్ల గురించి చెబుతూ, అస్తమానం గుర్రం మీదే ఉండటం వల్ల వాళ్లలో పుంసత్వం దెబ్బతింటోందని, గుర్రం కొనగల కలవారికే ఇది వస్తుందని, పేదలకు రాదని రాసింది. అది చూపిన కారణం ఎంతవరకు సరైనదన్నది పక్కన పెడితే, ఎవరు దేని మీద ఎంతసేపు కూర్చుంటున్నారో చూసి జబ్బును అర్థం చేసుకోవాలన్న చూపు అందులో ఉంది.

మన సుశ్రుత సంహిత ఆ చోటును మరింత దగ్గరగా చూసింది. మూత్రాశయంలోని రాయిని తీయడానికి కత్తి పెట్టేది మలద్వారానికీ వృషణాలకూ నడుమనే. మధ్యన కుట్టులా ఉండే ‘సేవని’ని తాకకుండా, యవగింజంత ఎడంగా, ఎడమ పక్కన కోయాలని సుశ్రుతుడు చెప్పాడు. మూత్రం, శుక్రం నడిచే దారులతో కలిపి ఎనిమిది మర్మాలకు దెబ్బ తగలకూడదని హెచ్చరించాడు. ఆధునిక శరీరశాస్త్రం అదే చోట పుడెండల్ నరాన్ని చూపిస్తుంది. 1836లో ఐరిష్ వైద్యుడు బెంజమిన్ ఆల్కాక్ వర్ణించిన సన్నని దారి గుండా ఆ నరమూ, దాని తోడుగా రక్తనాళాలూ వస్తాయి. కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి పిరుదుల అడుగున ఉన్న రెండు ఎముకలు. బరువు వాటిని వదిలి ముందుకు జారితే నరం, రక్తనాళాలు, మూత్రనాళం నలుగుతాయి. ప్రోస్టేట్ గ్రంథి వీటికి పైన, మూత్రాశయం కింద, కటి కండరాల పొర అవతల ఉంటుంది. సీటు దాన్ని నేరుగా తాకదు. సైకిలు మీద వచ్చిన ఆరోపణలన్నింటినీ తూచడానికి ఈ ఒక్క సంగతి చాలు.

1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలు తెచ్చాడు. దాదాపు ఒకే ఎత్తు చక్రాలు, వెనక చక్రానికి గొలుసు, ఇంచుమించు ఇప్పటి సైకిలే. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాతి పదేళ్లూ యూరప్, అమెరికాల్లో సైకిలు పిచ్చి ముదిరింది. దాని వెనకే డాక్టర్ల ఫిర్యాదులూ వచ్చాయి. ముక్కు సన్నగా సాగిన సీటు మూత్రనాళాన్ని నొక్కి మంట పుట్టిస్తుందని, ప్రోస్టేట్‌లో రక్తం నిలిచిపోతుందని వైద్య పత్రికల్లో రాశారు. తయారీదారులు దీన్నే వ్యాపారంగా మలుచుకున్నారు. నడుమ ఖాళీ వదిలి, రెండు ఎముకలకూ రెండు మెత్తలు అమర్చిన ‘క్రిస్టీ’ సీటు 1890ల్లోనే అమెరికా మార్కెట్లో ఉంది. ఇప్పుడు దుకాణాల్లో కొత్త సరుకుగా అమ్ముతున్న నడుమ గాడి ఉన్న సీటుకు మూలం ఆనాటిదే.

దక్షిణానికి వచ్చిన తెలుగువాళ్లు స్థిరపడిన మరో చోటు కోయంబత్తూరులో మాత్రం సైకిలు బతుకుతెరువు బండి అయింది. అక్కడ 1888లో స్టేన్స్ మిల్లు మొదలైంది. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ స్థాపించాడు. 1930ల్లో పైకారా జలవిద్యుత్తు రావడంతో మిల్లులు ఊరి చుట్టూ విస్తరించాయి. పీళమేడులోని పి.ఎస్.జి. కుటుంబం వంటి తెలుగు నాయుళ్లు యజమానులయ్యారు. యంత్రాల మోజు ఆ నేల మీద ఎంత గట్టిదో జి.డి. నాయుడు (1893–1974) జీవితం చెబుతుంది. కలంగల్ అనే పల్లెలో తెలుగు రైతు ఇంట పుట్టిన ఆయన, ఒక దొర నడిపిన మోటారు సైకిలు చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో దాన్ని కొన్నాడు. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడపడం మొదలుపెట్టాడు.

యజమాని కారెక్కితే, షిఫ్టుకు వచ్చే కార్మికుడు సైకిలెక్కాడు. 1949లో మద్రాసులో టిఐ సైకిల్స్ మొదలయ్యాక దేశంలో చేసిన బళ్లు సులువుగా దొరికాయి. మధురలోనూ కోయంబత్తూరులోనూ మిల్లు కార్మికుడు, నూలు మూటలు మోసే నేతగాడు, పాల క్యాన్లు తగిలించుకున్న రైతు ఎక్కినవి ఒకే రకం బళ్లు: 20 కిలోల దాకా బరువు, ఎత్తైన హ్యాండిల్, వెడల్పాటి తోలు సీటు, దాని కింద స్ప్రింగులు. ఆ బండి మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు. బరువు ఎముకల మీద పడుతుంది, గతుకుల్ని స్ప్రింగులు మింగుతాయి. చూడటానికి మోటుదే అయినా మర్మస్థానానికి దయగల బండి అది. అలాగని బాధ అసలు లేదనలేం. క్యారియర్ మీద మూటలు పెట్టుకుని ఎండలో గంటలకొద్దీ తొక్కేవాడికి నీళ్లు తాగే తీరికా, ఒంటికి వెళ్లే చోటూ తక్కువ. నీళ్లు చాలకపోతే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, రాళ్లు ఏర్పడటానికి వీలు పెరుగుతుంది. అది సీటు పాపం కాకపోయినా సైకిలు ఖాతాలోకే వెళ్తుంది.

రేసు బళ్లు వచ్చాక ఈ లెక్క మారింది. హ్యాండిల్ కిందికి దిగింది, సీటు సన్నబడింది, వీపు వంగింది, బరువు ముందుకు జారింది. 1997లో నార్వే పరిశోధకులు ట్రాండ్‌హైమ్ నుంచి ఓస్లో దాకా 540 కిలోమీటర్లు తొక్కిన ఔత్సాహికుల్ని పరిశీలించారు. మగవాళ్లలో 22 శాతం మందికి ఆ భాగపు నరాల ఇబ్బంది, ఎక్కువగా మొద్దుబారడం, కనిపించింది; 13 శాతం మందికి అంగస్తంభన సమస్య వచ్చింది. అదే ఏడాది బోస్టన్ యూరాలజిస్టు ఇర్విన్ గోల్డ్‌స్టీన్ హెచ్చరికలు అమెరికాలో పెద్ద దుమారం లేపాయి. 2002లో జర్మనీలో రకరకాల సీట్ల మీద కూర్చోబెట్టి అంగంలో ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో కొలిచారు. బాగా మెత్త వేసిన సన్న సీటు మీద 82 శాతం, ముక్కు లేని వెడల్పు సీటు మీద 20 శాతం తగ్గింది. మెత్తగా ఉంటే మేలన్న నమ్మకం దీంతో వీగిపోయింది. ఎముకలు మెత్తలోకి దిగబడితే ఆ మెత్తే పైకి ఉబికి నడుమ నొక్కుతుంది. 2008లో అమెరికాలో సైకిలు మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ఆరు నెలల పాటు ముక్కు లేని సీట్లు ఇచ్చి చూశారు. తిమ్మిరి లేదన్నవాళ్లు 27 శాతం నుంచి 82 శాతానికి పెరిగారు.

ఆ తర్వాత గాలి కొంత ఎదురు తిరిగింది. 2018లో 3,932 మంది మగవాళ్ల జవాబులతో వెలువడిన అధ్యయనం సైక్లిస్టుల్ని ఈతగాళ్లతో, పరుగు తీసేవాళ్లతో పోల్చింది. మూత్ర సమస్యల్లో గాని ప్రోస్టేట్ వాపు లక్షణాల్లో గాని తేడా తేలలేదు. మూత్రనాళం ఇరుకు కావడం మాత్రం సైక్లిస్టుల్లో ఎక్కువగా కనిపించింది. తొక్కే సమయంలో ఐదో వంతుకు మించి లేచి నిలబడేవాళ్లకు తిమ్మిరి బాగా తక్కువ.

ప్రోస్టేట్ రక్తపరీక్ష విషయంలోనూ ఇలాగే మొదట భయం పుట్టి తర్వాత సద్దుమణిగింది. పి.ఎస్.ఎ. పరీక్షను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1986లో క్యాన్సర్ రోగుల పర్యవేక్షణకు, 1994లో క్యాన్సర్‌ను కనిపెట్టే పనికి అనుమతించింది. 2013లో 50 దాటిన 129 మందిని 55 నుంచి 160 కిలోమీటర్లు తొక్కించి చూస్తే వాళ్ల పి.ఎస్.ఎ. సగటున 9.5 శాతం పెరిగింది. రెండేళ్లకు అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీస్తే సగటున చెప్పుకోదగ్గ ప్రభావం తేలలేదు. అయినా పరీక్షకు ముందు రెండు రోజులు సైకిలు ఆపమని డాక్టర్లు చెప్పడం వివేకమే. అనవసరపు బయాప్సీ కన్నా రెండు రోజుల విశ్రాంతి చౌక.

ఈనాడు కోయంబత్తూరులో తెల్లవారుజామున ఖరీదైన బళ్ల మీద మేట్టుపాళయం వైపు, నీలగిరి ఘాట్ల మీదికి వెళ్లేవాళ్లు ఆ మిల్లు కార్మికుల మనవలూ కావచ్చు, ఆ యజమానుల మనవలూ కావచ్చు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన ‘బ్రెవే’ సైకిలు యాత్రలు మన దేశంలో ఇప్పుడు మామూలయ్యాయి. వాళ్లకు ఈ చరిత్ర ఇచ్చే సలహా చిన్నదే. రెండు ఎముకల మధ్య దూరానికి సరిపోయే సీటు, దాని ముక్కు పైకి లేవకుండా సమంగా బిగింపు, హ్యాండిల్ సీటుకు సమానంగా గాని పైకి గాని, పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేవడం, నీళ్లు, ఒంటికి ఆపుకోకపోవడం. తిమ్మిరి అన్నది శరీరం ఇచ్చే మొదటి నోటీసు. దాన్ని ఓర్చుకుని తొక్కడం మగతనమేమీ కాదు.

సీటు మార్చినా తగ్గనివి వేరే ఉన్నాయి. మూత్రధార సన్నబడటం, ఆగి ఆగి రావడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం 50 దాటినవాళ్లలో చాలావరకు ప్రోస్టేట్ పెరగడం వల్ల వస్తాయి. జ్వరంతో మంట వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు. మూత్రంలో రక్తం కనిపించినా, మూత్రం పూర్తిగా నిలిచిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. వీటిని సైకిలు మీదికి నెట్టి ఊరుకుంటే జబ్బు ముదురుతుంది.

పైన చెప్పిన అధ్యయనాలు చాలావరకు సరదాకు తొక్కేవాళ్లవి, పోటీలకు తొక్కేవాళ్లవి, పోలీసులవి. కలవారి జబ్బన్న గ్రీకు వైద్యుడి చూపే పరిశోధనలో ఇంకా మిగిలినట్టుంది. మూటలతో, క్యాన్లతో తొక్కే పేదవాడు ఆ లెక్కల్లో లేడు. మధుర, కోయంబత్తూరు క్లినిక్కుల్లో మూత్రం మంటతో వచ్చిన మనిషిని ఏం పని చేస్తావని అడగడం వాడుకే. ఆ ప్రశ్నకు తోడుగా ఎలాంటి సీటు మీద, ఎన్ని గంటలు, ఎంత బరువుతో తొక్కుతావని కూడా అడిగితే, మందుల చీటీతో పాటు ఒక స్పానరు తిప్పే సలహా కూడా దొరుకుతుంది.