పర్లాకిమిడి పంతులుగారు మనకు నేర్పిన పాఠం



ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటాము. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినం. ఆయన చిత్రపటానికి పూలమాల వేసి, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని కొనియాడి సభ ముగిస్తాము. ఆయన జీవితంలో అధిక భాగం నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో గడిచిందన్న సంగతిని మాత్రం పిల్లలకు అంతగా చెప్పము. రాష్ట్రం వెలుపల తెలుగు బోధించే మనకు ఆ సంగతి ఎంతో ముఖ్యమైనది.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించారు. విజయనగరంలో చదువుకొన్నారు, గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర బోధించే ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేసుకొంటూనే పై చదువులు పూర్తిచేశారు. చరిత్ర మీది మక్కువతో ప్రాచీన లిపులు నేర్చుకొని, ముఖలింగ దేవాలయంలోని శాసనాలను స్వయంగా పరిశీలించారు.

పర్లాకిమిడిలో తెలుగువారు, ఒడియావారు కలసి ఉండేవారు. చుట్టుపట్ల కొండలలో సవరలు నివసించేవారు. సవరల భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుకు గాని ఒడియాకు గాని దగ్గరది కాదు. ఆ భాష తెలిసిన వ్యక్తిని పంతులుగారు తన ఇంట ఉంచుకొని దానిని అభ్యసించారు. సవర పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు వ్రాశారు, పాటలు కథలు సేకరించారు, సొంత ఖర్చుతో బడులు నడిపించారు. ఈ కృషికి మెచ్చి ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే, ఆ సొమ్మును సవరల బడికి వినియోగించమని కోరారు. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథం మద్రాసులో అచ్చయింది.

కాలక్రమాన్ని గమనించండి. ఆయన సవర నేర్చుకొన్న చాలా ఏళ్లకు గాని తెలుగు వ్యావహారిక భాషోద్యమం మొదలు కాలేదు. పిల్లవాడు ఇంట మాట్లాడే మాటతోనే చదువు ఆరంభం కావాలన్న సూత్రాన్ని ఆయన ముందుగా పొరుగువారి పిల్లల విషయంలో ఆచరించి చూపారు. తరువాత దానినే తెలుగు పిల్లల కోసం కోరారు. పండితుల నుండి గట్టి ప్రతిఘటన ఎదురైనా వెనుకాడలేదు. 1919లో 'తెలుగు' అనే పత్రికను ప్రారంభించి తన వాదాన్ని ప్రజల ముందుంచారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. ఆ చేరికను వ్యతిరేకించిన పంతులుగారు, యాభై ఆరేళ్లు జీవించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. అప్పటికి ఆయన వయస్సు డెబ్బై రెండేళ్లు. 1940 జనవరి 22న కన్నుమూశారు. అయితే పర్లాకిమిడి తెలుగువారందరూ ఆయన వెంట తరలిపోలేదు. ఎందరో అక్కడే ఉండిపోయారు. హోసూరులో, షోలాపూరులో, బళ్లారిలో ఉన్న మనం కూడా అటువంటివారమే. ఆయన పాఠం అవసరమైనది ముఖ్యంగా మనకే.

ఆ పాఠాన్ని నేను రెండు మాటలలో చెప్పుకొంటాను. మొదటిది, మన భాష కోసం అడిగే హక్కుకు పొరుగు భాష మీది గౌరవం తోడుండాలి. 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా తగిన సౌకర్యాలు కల్పించేందుకు కృషి చేయాలని రాష్ట్రాలకు నిర్దేశించింది. దాని ఆధారంగా మనం అర్జీలు పెట్టుకొంటాము, పెట్టుకోవలసిందే. ఆ అధికరణం మన ఊరిలో మనకంటె తక్కువమంది మాట్లాడే భాషలకు కూడా వర్తిస్తుందని మరువరాదు.

రెండవది మన తరగతి గదికి సంబంధించినది. మన పిల్లల తెలుగులో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియానో కలిసి ఉంటుంది. సెలవులకు బంధువుల ఊరు వెళితే "నీది తెలుగేనా?" అని నవ్వుతారు. ఒక్కొక్కప్పుడు మనమే బడిలో నవ్వుతాము. అలా నవ్వులపాలైన పిల్లవాడు తరువాత నోరు విప్పడు. మరుసటి ఏడు తెలుగు తరగతిలోనే కనిపించడు. కొండ మీది మాటను విని వ్రాసుకొన్న గురువును స్మరించే మనం, మన ఇంటి మాటను చిన్నచూపు చూడడం తగునా?

కనుక ఈసారి ఆగస్టు 29న ఒక పని చేద్దాము. మీ ఇంట అవ్వ, తాత వాడే పది మాటలను పిల్లల చేత వ్రాయించి బడికి పంపండి. ఉపాధ్యాయ మిత్రులారా, ఆ మాటలను దిద్దకుండా నల్లబల్ల మీద వ్రాయండి. పుస్తకపు మాటను దాని పక్కనే వ్రాసి, రెండూ తెలుగేనని చెప్పండి. పూలమాల కంటె పంతులుగారు మెచ్చే నివాళి ఇదేనని నా విశ్వాసం.