కవ్వాల్ చీకట్లో అలుగు

మంచిర్యాల జిల్లా. జన్నారం దాటాక కవ్వాల్ అడవి. ఎండాకాలం రాత్రి. అడుగు వేస్తే చాలు, ఎండిన టేకాకు పెళపెళమంటోంది. రాలిన ఇప్పపూల మగ్గిన తీపి వాసన గొంతులోకి దిగుతోంది. మీ ముందు నడుస్తున్న బేస్ క్యాంప్ వాచర్ చెయ్యి అడ్డం పెడతాడు.

"లైట్ బంద్ చెయ్యుండ్రి సార్."

ఆర్పేస్తారు. చీకట్లో బరబరా గీకుతున్న చప్పుడు. వాచర్ టార్చికి రుమాలు చుట్టి ఒక్క క్షణం వెలిగిస్తాడు.

చెదల పుట్ట. దాని మీద అలుగు. ముందుకాళ్ల పొడుగు గోళ్లతో గట్టి మట్టిని పెకలిస్తోంది. ఒంటి నిండా పొలుసులు. సన్నటి జిగురు నాలుక పుట్టలోకి దూరి, చెదలను అంటించుకుని వెనక్కి వస్తోంది. నోట్లో ఒక్క పన్నూ లేదు. మింగిన చిన్న రాళ్లే పొట్టలో తిండిని నూరతాయి. తోక మొదట్లో ఏదో కదులుతోంది. పిల్ల! మామూలుగా ఈతకు ఒక్కటే.

ఇంకాస్త దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. ఆగండి.

కుక్క మొరుగు. ఇంకొకటి. చెట్ల మధ్య ఊగుతూ ఎవరిదో లైటు.

అలుగు పిల్లను పొట్టకిందికి లాక్కుంటుంది. తోక కప్పుకుని ముడుచుకుంటుంది. ఎదుట గుమ్మడికాయంత పొలుసుల ముద్ద.

ఎదిరించదేం? అమెరికా ఉష్ణమండల అడవుల్లో చెట్లెక్కి చీమలు తినే టమాండువా అయితే వెనక కాళ్లూ తోకా ఆన్చి నిలబడి, ముందు గోళ్లు విసిరేది. అలుగుకూ గోళ్లున్నాయి, చెట్టెక్కడమూ వచ్చు. భయమేస్తే మాత్రం ముడుచుకోవడమే. ఆ ముద్ద చిరుతపులి పంటికి లొంగదు. మనిషి వంగి, ఎత్తి, సంచిలో వేసుకుంటాడు. అంతే. ఇంతకంటే అన్యాయం నాకింకొకటి కనిపించదు. ఆ పొలుసులు మందు కాదు, మన గోళ్ల పదార్థమే. వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపాలని 2016లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అలుగు పులి ఉన్న మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. అయినా సంచులు వస్తూనే ఉన్నాయి.

లైటు దగ్గరవుతోంది. ఇద్దరు. కాదు, ముగ్గురు. ఒకరి భుజాన గోనెసంచి.

ఫోన్ తీస్తారు. సిగ్నల్ లేదు.

ఎత్తుకుని పరుగెత్తాలా? పిల్ల జారిపోతుంది. దాక్కోవాలా? కుక్కలు వాసన పట్టేశాయి.

"మనం ఇద్దరమే అని వాళ్లకు ఎర్కలేదు సార్."

అర్థమైంది. టార్చి వెలిగించండి. సూటిగా వాళ్ల కళ్లలోకి. లేని పదిమందిని పేరు పెట్టి పిలవండి. గట్టిగా. ఇప్పుడే.